ఉమ్మడి గోడ పక్కన ఎయిర్ కంప్రెసర్: మోత తగ్గించే దారి చెప్పగలరా?

టేకుబల్ల, కడప:

అందరికీ నమస్కారం. కడప పాత ఊరిలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డు వేసుకుని తలుపులు, కిటికీ చట్రాలు, చిన్న బీరువాలు చేస్తూ ఉంటాను. మేకులు కొట్టే గన్నుకూ, పాలిష్ చల్లే స్ప్రే గన్నుకూ గాలి కావాలి కనుక రెండేళ్ల క్రితం 2 హార్స్‌పవర్ల కంప్రెసర్ ఒకటి కొన్నాను. అది బెల్టుతో తిరిగే రకం. రెండు సిలిండర్లు, 100 లీటర్ల ట్యాంకు ఉన్నాయి. మోటారు పలక మీద 1440 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అని రాసి ఉన్నది. మోటారు పుల్లీ 6 అంగుళాలు, హెడ్డుకు, అంటే సిలిండర్లు ఉన్న గాలి నొక్కే భాగానికి ఉన్న చక్రం 10 అంగుళాలు. రెండు సిలిండర్లకూ కలిపి గాలి పీల్చే ఫిల్టరు ఒక్కటే ఉన్నది.

మా వీధిలో ఇళ్లన్నీ ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. షెడ్డు ఎడమవైపు గోడ మాకూ పక్కింటివారికీ ఉమ్మడి గోడ, దాని అవతల వారి పడకగది ఉన్నది. ఆ ఇంటి పెద్దాయనకు ఈ మధ్యే ఆపరేషన్ జరిగింది. ఆయన మనవరాలు ఇంటర్ పరీక్షలకు చదువుకుంటున్నది. పోయిన వారం ఆయన గేటు దగ్గర నిలబడి, "నాయనా, నీ పని నిలపమని నేను చెప్పను, మధ్యాన్నం ఒక్క గంట కన్ను మూతబడనియ్యి, చాలు" అన్నారు. ఆయన కోపంగా అని ఉంటే నాకు ఇంత బాధ కలిగేది కాదు. నేను చిన్నప్పుడు ఉలి పట్టుకోవడం నేర్చుకుంటున్న రోజుల నుంచి నన్ను ఎరిగిన మనిషి ఆయన.

ఆ రోజే వారి అనుమతితో ఆ గదిలో కూర్చుని ఫోన్‌లోని శబ్దం కొలిచే యాప్‌తో చూశాను. కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు 41, తిరుగుతున్నప్పుడు 58 డెసిబెళ్లు చూపించింది. షెడ్డులో మిషనుకు ఒక మీటరు దూరంలో 88 చూపించింది. ఫోను కొలత ఖచ్చితం కాదని తెలుసు, అయినా పోల్చి చూడడానికి పనికి వస్తుందని అనుకుంటున్నాను.

ఇప్పటివరకు చేసినవి ఇవి: మిషను కాళ్ల కింద గట్టి రబ్బరు షీటు వేశాను, షెడ్డు గోడకు కోడిగుడ్ల అట్టలు అంటించాను. రెండింటి వల్లా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రబ్బరు వేసిన తరువాత గది లోపలి గుబగుబ పెరిగిందని కూడా పెద్దాయన అంటున్నారు. గాలి లైను ఇనుప పైపు, కంప్రెసర్ నుంచి నేరుగా వెళ్లి అదే ఉమ్మడి గోడకు క్లాంపులతో బిగించి ఉన్నది. ఇక చివరిగా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో నాలుగు వైపులా పెట్టె కట్టి మిషనును దానిలో పెట్టాలని అనుకుంటున్నాను. చెక్క పని నా చేతిలోనే ఉన్నది కనుక ఖర్చు తక్కువ. ఇది సరైన దారేనా? మా ఎండలకు మోటారు తట్టుకుంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.


హంద్రీతీరం, కర్నూలు:

టేకుబల్ల గారికి నమస్కారం. నేను చాలా ఏళ్లు ఒక సిమెంటు కర్మాగారంలో యంత్రాల నిర్వహణ చూసి విశ్రాంతి తీసుకున్నవాడిని. మీరు పుల్లీల కొలతలు, ఫిల్టరు సంగతి అన్నీ రాశారు కనుక జవాబు చెప్పడం సులభమయింది. పెట్టె కట్టే పనిని అన్నిటికంటే చివరికి పెట్టుకోండి. ముందు ఆ చప్పుడు ఏయే దారుల్లో పక్కింటికి వెళ్తున్నదో తెలుసుకోవాలి.

మీ విషయంలో రెండు దారులు ఉన్నాయి. గాలి గుండా, రేకుల సందుల గుండా వెళ్లేది ఒకటి. రెండోది ఇనుప పైపు, క్లాంపులు, గోడ, ఈ వరుసలో గట్టి పదార్థం గుండా వెళ్లేది. మిషను తిరుగుతున్నప్పుడు పక్కింటి గదిలో గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి. అదురు చేతికి తెలిస్తే, షెడ్డులో ఎన్ని అట్టలు అంటించినా, ఎంత మంచి పెట్టె కట్టినా ఆ భాగం తగ్గదు. కంప్రెసర్ దగ్గర మొదటి మూడు, నాలుగు అడుగుల ఇనుప పైపును తీసివేసి, మీ ప్రెషర్‌కు తగిన రేటింగు ఉన్న రబ్బరు గొట్టాన్ని వదులుగా, కొంచెం వంపుతో బిగించండి. మిషను ఏ గోడకూ ఆనకుండా చూడండి. వీలైతే ఆ పైపు లైనును ఎదురు గోడకు మార్చండి. దీనికి అయ్యే ఖర్చు స్వల్పం. మీ ఇంటి అమరికను బట్టి చూస్తే ఫలితం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుందని నా అంచనా.

రబ్బరు వేస్తే గుబగుబ ఎందుకు పెరిగిందో చెప్తాను. మీ హెడ్డు వేగం 1440ని 6తో హెచ్చించి 10తో భాగిస్తే 864 ఆర్‌పీఎం, అంటే సెకనుకు 14.4 చుట్లు. మెత్తటి ఆధారం మీద కూర్చున్న బరువుకు తనదైన ఊగే వేగం ఒకటి ఉంటుంది. ఆ బరువు కింద రబ్బరు ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో చూసి, దాని వర్గమూలంతో 15.8ని భాగిస్తే, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో సుమారుగా వస్తుంది. గట్టి షీటు మీ మిషను బరువుకు ఒక మిల్లీమీటరే కుంగి ఉంటే ఆ సంఖ్య దాదాపు 16, అంటే మీ హెడ్డు వేగానికి పక్కనే. అప్పుడు అదురు ఆగకపోగా ఊతం దొరికి పెరుగుతుంది. అదే 4 మిల్లీమీటర్లు కుంగే మెత్తటి దిమ్మలు వాడితే ఆ సంఖ్య 8కి దిగుతుంది, నేలకు వెళ్లే అదురు సగానికంటే తక్కువవుతుంది. 10 మిల్లీమీటర్లు కుంగే స్ప్రింగు ఆధారాలైతే దాదాపు ఏడో వంతు మాత్రమే మిగులుతుంది. కనుక రబ్బరు ఎంత మందమన్నది కాదు, బరువు పడినప్పుడు ఎంత కుంగుతున్నదన్నదే చూడండి. మెత్తటి ఆధారం మీద మిషను మొదలయ్యేటప్పుడూ, ఆగేటప్పుడూ కొంచెం ఊగుతుంది. పైన చెప్పిన రబ్బరు గొట్టం అందుకు కూడా అవసరం.

ఇక గాలి గుండా వెళ్లే చప్పుడు. పిస్టన్ కంప్రెసర్‌లో ఎక్కువ మోత చేసేది చాలాసార్లు ఆ చిన్న ఫిల్టరే. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ గాలిని గుటకలు గుటకలుగా మింగుతుంది, ఆ "డుబ్ డుబ్" శబ్దం బయటికి వచ్చేది ఆ నోటి నుంచే. ఫిల్టరు నుంచి పైపు వేసి ఆ నోటిని షెడ్డు బయటికి, పక్కింటికి ఎదురు దిక్కుకు తీసుకుపోండి. పైపు లోపలి వ్యాసం హెడ్డు మీద ఉన్న రంధ్రం కంటే తక్కువ కాకూడదు. బయటి మూతిని నేలవైపు వంచి సన్నటి జల్లెడ కట్టండి. లేకపోతే వాన నీరు, కందిరీగలు లోపలికి పోతాయి. చప్పుడు నిజంగా అక్కడి నుంచే వస్తున్నదా అని ముందు తెలుసుకోవాలంటే, ప్లగ్గు తీసి, ట్యాంకులో గాలి అంతా వదిలి, బెల్టు విప్పి ఒట్టి మోటారును ఒక నిమిషం తిప్పి వినండి. ఆ తరువాత మళ్లీ ప్లగ్గు తీసి, బెల్టు వేసి, ట్యాంకులో నీళ్లు వదిలే డ్రెయిన్ కాక్ తెరిచి ఉంచి తిప్పండి. ఈ రెండింటికీ మధ్య తేడా మీ చెవికే తెలుస్తుంది. ఫిల్టరు నోటికి గుడ్డ కుక్కి మాత్రం చూడవద్దు, అది లోపలికి పోతుంది.

కోడిగుడ్ల అట్టలు తీసివేయండి. వాటికి బరువు లేదు, బరువు లేనిది శబ్దాన్ని ఆపలేదు. పైగా మీ దగ్గర పాలిష్, థిన్నరు ఉంటాయి, నిప్పు తగిలితే ముందు అంటుకునేవి అవే.

మరొక మాట. మోటారు పుల్లీని 6 అంగుళాల నుంచి 5 అంగుళాలకు మారిస్తే హెడ్డు 720 ఆర్‌పీఎంకు దిగుతుంది. గాలి ఆరో వంతు తగ్గుతుంది, చప్పుడు మెత్తబడుతుంది, మోటారు మీద భారం కూడా తగ్గుతుంది. అయితే లోపల నూనెను చిమ్మి తడిపే హెడ్లకు కనీస వేగం ఒకటి ఉంటుంది. తయారీదారు పుస్తకంలో అది చూసుకోకుండా పుల్లీ మార్చవద్దు. స్ప్రే పనికి గాలి చాలకపోతే మిషను ఎక్కువసేపు తిరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోండి.


పెన్నగాలి, అనంతపురం:

హంద్రీతీరం గారు చెప్పినదానిలో ఒక్క అక్షరం కూడా మార్చనవసరం లేదు. నేను వేడి సంగతి, భద్రత సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ రెండూ నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవి.

నాకు ఇంటి దగ్గరే మోటారు సైకిళ్లకు రంగులు వేసే పని ఉన్నది. నాలుగేళ్ల క్రితం సరిగ్గా మీరు అనుకున్నట్లే ప్లైవుడ్ పెట్టె కట్టాను. లోపల స్పాంజి అంటించాను, గాలి కోసం అరచెయ్యి అంత కిటికీ ఒకటి పెట్టాను. చలికాలమంతా బాగానే ఉన్నది. ఏప్రిల్ నెలలో ఓవర్‌లోడు రిలే (మోటారు మీద భారం ఎక్కువైతే కరెంటు ఆపేది) మాటిమాటికీ పడిపోతుంటే, దాని సెట్టింగు పెంచాను. అది నేను చేసిన పెద్ద తప్పు. మే నెలలో ఒక మధ్యాహ్నం మోటారు లోపలి తీగచుట్ట (వైండింగు) కాలి పొగ వచ్చింది. పెట్టె తెరిచి చూస్తే హెడ్డు నుంచి వచ్చే రాగి గొట్టం నల్లబడి ఉన్నది. రిలే పడుతున్నదంటే అది మనకు ఏదో చెప్తున్నదని అప్పుడు గ్రహించలేదు.

మామూలు మోటార్లను చుట్టుపక్కల గాలి 40 డిగ్రీలు ఉంటుందన్న లెక్కతో తయారుచేస్తారు. మన దగ్గర మే నెలలో నీడలోనే అంత ఉంటుంది. మూసిన పెట్టెలో ఇంకా పది, ఇరవై డిగ్రీలు పెరిగితే ఇక మిగిలేది ఏమీ ఉండదు. 2 హార్స్‌పవర్లంటే 1.5 కిలోవాట్లు, అది దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడిని పెట్టెలో పది డిగ్రీలకు మించి పెరగకుండా బయటికి పంపాలంటే గంటకు సుమారు 470 ఘనపు మీటర్ల గాలి, అంటే నిమిషానికి దాదాపు 280 ఘనపుటడుగుల గాలి పెట్టెలో నుంచి పారాలి. నేను పెట్టిన అరచెయ్యంత కిటికీతో, ఫ్యాను లేకుండా అది జరిగే పని కాదు. పెట్టె కట్టేటట్లయితే ఎగ్జాస్టు ఫ్యాను తప్పనిసరి. ఫ్యాను అట్టపెట్టె మీద ఎంత గాలి తోస్తుందో రాసి ఉంటుంది. గాలి దారిలో వంపులు ఉంటే అది తగ్గుతుంది కనుక కావలసిన దానికంటే ఒకటిన్నర రెట్లు ఉన్నది తీసుకోండి. ఫ్యాను ఆగితే కంప్రెసర్ కూడా ఆగేలా కనెక్షను ఇప్పించుకోండి.

మీరు స్ప్రే కూడా ఆ షెడ్డులోనే చేస్తున్నారా? చేస్తుంటే శబ్దం కన్నా ముందు దీన్ని ఆలోచించాలి. ట్యాంకులో ప్రెషర్‌ను బట్టి మోటారును నడిపి, ఆపే ప్రెషర్ స్విచ్చి కలిసినప్పుడూ విడిపోయినప్పుడూ లోపల చిన్న నిప్పురవ్వ వస్తుంది. థిన్నరు ఆవిరి గాలి కన్నా బరువు, నేల మట్టంలో పరుచుకుంటుంది. కంప్రెసర్, స్ప్రే ఒకే గదిలో ఉండకూడదు. కంప్రెసర్‌ను బయటికి మార్చితే మీకు శబ్దం, నిప్పు రెండు సమస్యలూ ఒకే పనితో తగ్గుతాయి.

గాలి పీల్చే పైపుకు పి.వి.సి. వాడుకోవచ్చు, దానిలో ప్రెషర్ ఉండదు. పైపుకూ హెడ్డుకూ మధ్య, పొలం మోటార్లకు నీళ్లు పీల్చడానికి వాడే పక్కటెముకల సక్షన్ పైపు ముక్క ఒకటి వేసుకోండి. అది పీల్చినప్పుడు ముడుచుకుపోదు, అదురును పైపుకు ఎక్కించదు. కానీ ట్యాంకు తరువాతి గాలి లైనుకు పి.వి.సి. ఎప్పుడూ వాడవద్దు. నీటి పైపు పగిలితే నీళ్లు కారతాయి, గాలి పైపు పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. శబ్దం తగ్గించే పేరుతో ట్యాంకు మీద ఏదైనా వెల్డింగు చేయడం, రంధ్రం పెట్టడం కూడా చేయకూడదు.


పంతులమ్మ, ప్రొద్దుటూరు:

నాకు యంత్రాల గురించి తెలియదు. మా ఇంటి పక్కన పన్నెండేళ్లుగా పంచరు దుకాణం ఉన్నది కనుక గోడకు అవతల కూర్చున్న మనిషిగా రెండు మాటలు చెప్తాను.

మమ్మల్ని వేధించింది చప్పుడు ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, అది ఎప్పుడు మొదలవుతుందో తెలియకపోవడం. పగలు పని జరుగుతున్నప్పుడు అలవాటుపడిపోయేవాళ్లం. కానీ దుకాణం మూసి వెళ్లిన తరువాత రాత్రి పదకొండుకో, రెండుకో ఆ మిషను దానంతట అది ఒక్కసారిగా మొదలయ్యేది. మా అత్తగారు ఉలిక్కిపడి లేచేవారు. ఎందుకని ఒక రోజు అడిగితే, గాలి ఎక్కడో సన్నగా కారిపోయి ప్రెషర్ తగ్గినప్పుడు స్విచ్చి కలుస్తుందని ఆ అబ్బాయే చూసి చెప్పాడు. అప్పటి నుంచి రాత్రి మెయిన్ ఆపి వెళ్తున్నాడు. మీరు కూడా ఆపుతున్నారో లేదో ఒకసారి చూసుకోండి, సోదరా.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండడం మంచిది. 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. పరిమితిని 10 డెసిబెళ్లు లేదా అంతకు మించి దాటినప్పుడు ఎవరైనా అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు. మీ పెద్దాయన అటువంటి ఆలోచన చేసేవారు కాదని మీ మాటల్లోనే తెలుస్తున్నది. అందుకే మిషను బాగుచేసే లోపల ఆయనతో ఒక వేళ అనుకోండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు వరకు గాలి పని పెట్టుకోనని మీరే ముందుగా చెప్పండి. ఆ పాప పరీక్షల తేదీలు కూడా అడిగి గోడ మీద రాసి పెట్టుకోండి.


టేకుబల్ల, కడప:

మీ అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఎందుకంటే ఒక్కొక్క పని చేసి, ఒక్కొక్కసారి కొలిచి చూడాలని అనుకున్నాను.

పంతులమ్మ గారు అడిగిన రోజే రాత్రి వెళ్లి చూస్తే మెయిన్ వేసే ఉన్నది. సబ్బు నీళ్లు పూసి చూస్తే మూడు చోట్ల బుడగలు వచ్చాయి. రెండు కీళ్లకు టేపు చుట్టి బిగించాను, ఒక కప్లింగు మార్చాను. అవి బిగించకముందు ఒక రాత్రి మెయిన్ ఆపి చూస్తే పొద్దునకు ట్యాంకు ఖాళీ అయింది, ఇప్పుడు ఆపి ఉంచినా ముల్లు సగం పైనే ఉంటున్నది. రాత్రి మెయిన్ ఆపడం కూడా అలవాటు చేసుకున్నాను. మధ్యాహ్నం రెండు గంటల సమయం గురించి పెద్దాయనతో చెప్పాను. ఆ వేళలో ఇప్పుడు చేతి రంపం, గీత పని పెట్టుకుంటున్నాను.

గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే హంద్రీతీరం గారు చెప్పినట్లే అదురు స్పష్టంగా తెలిసింది. క్లాంపులన్నీ విప్పి లైనును ఎదురు గోడకు మార్చి, మొదటి నాలుగు అడుగులు రబ్బరు గొట్టం వేశాను. గట్టి షీటు తీసి, బరువుకు 4 మిల్లీమీటర్ల దాకా కుంగే మెత్తటి దిమ్మలు నాలుగు పెట్టాను. ఈ రెండు పనులతోనే పక్కింటి గదిలో 58 ఉన్నది 51కి వచ్చింది. పెద్దాయన భార్య, "మంచం కాలు ఇప్పుడు గడగడలాడడం లేదు నాయనా" అన్నారు. మంచం కాలు ఆడేదని ఆమె అంతకుముందు ఎప్పుడూ నాతో అనలేదు.

అయితే గాలి పీల్చే పైపు దగ్గర చిక్కు వచ్చింది. దుకాణంలో పి.వి.సి. పైపు పది అడుగుల పొడవు వస్తుంది కదా, దాన్ని కోయకుండా అలాగే బిగించి, మూతిని పెరటి వైపు పెట్టాను. షెడ్డు లోపల చప్పుడు బాగా తగ్గింది, 88 ఉన్నది 81 అయింది. కానీ పెరట్లో లోతైన హోరు ఒకటి కొత్తగా మొదలయింది. ఫోను దాన్ని పెద్దగా చూపించడం లేదు, కానీ మా వంటింటి కిటికీ అద్దం సన్నగా కంపిస్తున్నది. పైపు వేయడంలో నేను ఏమైనా తప్పు చేశానా?


హంద్రీతీరం, కర్నూలు:

బిగించడంలో తప్పు లేదు, పొడవులో ఉన్నది. పైపు పొడవు గురించి ముందే చెప్పకపోవడం నా పొరపాటు.

మీ హెడ్డు సెకనుకు 14.4 చుట్లు తిరుగుతున్నది. రెండు సిలిండర్లూ ఒకే ఫిల్టరు గుండా పీలుస్తున్నాయి కనుక సెకనుకు దాదాపు 29 గుటకలు. ఈ ఎండల్లో శబ్దం గాలిలో సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది, అంటే ఆ గుటకల శబ్దానికి ఒక అల పొడవు 12 మీటర్లు. ఒక చివర మూసి మరొక చివర తెరిచి ఉన్న గొట్టం, అల పొడవులో నాలుగో వంతు ఉంటే ఆ స్వరాన్ని పట్టుకుని పెంచుతుంది, సన్నాయిలో స్వరం నిలిచినట్లు. పన్నెండులో నాలుగో వంతు మూడు మీటర్లు. మీ పది అడుగుల పైపు సరిగ్గా అంతే. ఫోను యాప్ తక్కువగా చూపడానికి కారణం కూడా ఉన్నది. మామూలుగా కొలిచే "ఎ" తూకం మన చెవిలాగా లోతైన స్వరాలను బాగా తగ్గించి లెక్కిస్తుంది, పైగా ఫోను మైకు ఆ స్వరాలను సరిగ్గా పట్టుకోదు. అద్దం మాత్రం అదురుతుంది.

పైపును అయిదు అడుగులకు కోయండి. హెడ్డుకూ ఆ పైపుకూ మధ్య ఒక గాలి గది పెట్టండి. 160 మిల్లీమీటర్ల డ్రైనేజీ పైపు నాలుగు అడుగుల ముక్క తీసుకుని రెండు చివరలా మూతలు వేస్తే దానిలో సుమారు 22 లీటర్ల గాలి పడుతుంది. హెడ్డు నుంచి వచ్చే గొట్టం ఒక మూతలోకి, బయటికి పోయే అయిదు అడుగుల పైపు రెండో మూతలో నుంచి వెళ్లాలి. గుటకలుగా పీల్చే గాలిని ఈ గది సర్దుబాటు చేస్తుంది. బయటి పైపులో గాలి కుదుపులు లేకుండా దాదాపు సమంగా పారుతుంది. మీ రంధ్రం ఒకటిన్నర అంగుళానికి దగ్గరగా ఉంటే ఈ కొలతలు సరిపోతాయి, సన్నగా ఉంటే ఇంకా మంచిదే.

ఒక్క జాగ్రత్త తప్పదు. ఫిల్టరును గాలి గదికి తరువాత, హెడ్డు వైపే ఉంచండి. పైపు కోసినప్పుడు మిగిలిన పి.వి.సి. రజను, లోపల ఏదైనా పురుగు కట్టుకున్న గూడు, ఏది ఊడినా ఫిల్టరు దగ్గరే ఆగాలి.


టేకుబల్ల, కడప:

పోయిన ఆదివారం గాలి గది బిగించాను. హోరు పోయింది, అద్దం నిలిచింది. పక్కింటి గదిలో ఇప్పుడు 47. మోటారు ఫ్యాను, బెల్టు చప్పుడు మాత్రమే మిగిలి ఉన్నట్లు వినిపిస్తున్నది.

పెన్నగాలి గారు చెప్పినది విన్న తరువాత మిషనును షెడ్డులో ఉంచడానికి మనసు ఒప్పడం లేదు. స్ప్రే అక్కడే చేస్తున్నమాట నిజం. పెరటి గోడ మూలలో, ఉమ్మడి గోడకు దూరంగా చిన్న గూడు కట్టి అక్కడికి మారుద్దామనుకుంటున్నాను. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన నాపరాళ్లు, అంగుళం మందం ఉన్నవి, పద్దెనిమిది దాకా పెరట్లో పడి ఉన్నాయి. గూటికి గోడలుగా అవి నిలబెడితే ప్లైవుడ్ కంటే మేలేనా?


పెన్నగాలి, అనంతపురం:

చాలా మేలు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చదరపు మీటరుకు పదకొండు, పన్నెండు కిలోల బరువు ఉంటే, అంగుళం నాపరాయి దాదాపు అరవై అయిదు కిలోలు ఉంటుంది. గోడ బరువు రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెళ్ల దాకా ఎక్కువ ఆగుతుందన్న లెక్కన చూస్తే కాగితం మీద 15 డెసిబెళ్ల తేడా. నాపరాయి నిప్పు అంటుకోదు, వానకు ఉబ్బదు. ఎర్రగుంట్ల, బేతంచెర్ల, తాడిపత్రి చుట్టుపక్కల ఉన్న మనకు ఇంతకంటే సులువుగా దొరికే బరువైన పలక మరొకటి లేదు.

అయితే రాయి మీద కొడితే గంటలా మోగుతుంది కనుక లోపలి వైపు 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి నూలు) పలకలు పెట్టి, నూలు రాలకుండా గాజు గుడ్డ కప్పి జాలీ బిగించండి. రాళ్ల మధ్య కీళ్లన్నీ సిమెంటుతో పూడ్చండి. గోడ వైశాల్యంలో నూరో వంతు సందు మిగిలినా, రాయి ఎంత మందమైనా 20 డెసిబెళ్లకు మించి ఆగదు. తలుపు మీరే చేస్తారు కనుక రెండు పొరల ప్లైవుడ్ వేసి, నాలుగు అంచులకూ రబ్బరు పట్టీ పెట్టండి. గాలి లోపలికి వచ్చే దారి కింద ఉత్తరం వైపు, ఎగ్జాస్టు ఫ్యానుతో పోయే దారి పైన ఎదురు వైపు ఉండాలి. ఒక్కొక్క దారి అడుగు వెడల్పు, అర అడుగు ఎత్తు ఉంటే చాలు. నేరుగా కాకుండా రెండు మలుపులు తిప్పి, ఆ మలుపుల లోపల కూడా రాక్‌వూల్ అంటించండి. మలుపు దగ్గర గాలి తిరిగిపోతుంది, శబ్దం చాలావరకు అక్కడే ఇంకిపోతుంది. వేడి కొలిచే చిన్న మీటరు ఒకటి లోపల వేలాడదీసి, మొదటి మే నెలంతా రోజూ చూడండి. ప్రెషర్ మీటరు బయటి నుంచి కనపడాలి. డ్రెయిన్ కాక్‌ను చిన్న గొట్టంతో బయటికి తెచ్చుకుంటే రోజూ నీళ్లు వదలడం మరిచిపోరు.


హంద్రీతీరం, కర్నూలు:

గూటి సంగతి సరిగ్గా ఉన్నది. నేను చేర్చేది ఒక్కటే. మిషను ఆగిన ప్రతిసారీ ప్రెషర్ స్విచ్చి కింద ఉన్న సన్నటి గొట్టం నుంచి "ఠస్సు" మని గాలి వదులుతుంది, రాత్రి పూట నిశ్శబ్దంలో అది ఎక్కువగా వినిపిస్తుంది. దాని చివరకు ఇత్తడి పొడితో చేసిన చిన్న మఫ్లరు (చప్పుడు తగ్గించే మూత) బిగించే వీలు చాలా స్విచ్చులకు ఉంటుంది. బిగించిన తరువాత ఒకసారి మిషను ఆగినప్పుడు గాలి పూర్తిగా వదులుతున్నదో లేదో వినండి. మఫ్లరు పూడుకుపోయి గాలి హెడ్డు మీదే నిలిచిపోతే మళ్లీ మొదలయ్యేటప్పుడు మోటారు తిరగలేక మూలుగుతుంది. ఆరు నెలలకొకసారి దాన్ని విప్పి కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి బిగించుకోండి.